ఇల్లంతా ఒకే పాట: లిరియన్ సర్వర్‌తో కొన్నేళ్లు

బెంగళూరులో మాది పాత కట్టడం, రెండంతస్తుల ఇల్లు. హాల్లో మొదలైన పాట వంటింట్లోనూ, పైగదిలోనూ అదే క్షణంలో వినిపించాలి, ఫోను పట్టుకుని గది గదికీ తిరగకూడదు. అందుకోసం కొన్నేళ్లుగా లిరియన్ మ్యూజిక్ సర్వర్ వాడుతున్నాను. ఒక కంప్యూటర్లో ఉన్న పాటలను ఇంటి నెట్‌వర్క్ మీదుగా గదుల్లోని ప్లేయర్లకు పంపే సాఫ్ట్‌వేర్ ఇది. దీన్ని స్లిమ్ డివైసెస్ అనే చిన్న సంస్థ మొదలుపెట్టింది. 2006లో లాజిటెక్ ఆ సంస్థను కొన్నది, 2012లో ఈ సాఫ్ట్‌వేర్‌తో పాటలు వినిపించే స్క్వీజ్‌బాక్స్ పరికరాల తయారీ ఆపేసింది. ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉండేది) కావడం వల్ల సాఫ్ట్‌వేర్ మాత్రం ఆగలేదు. 2024లో లిరియన్ అని పేరు మార్చుకుని ఇంకా కొత్త వెర్షన్లతో వస్తూనే ఉంది. స్పీకర్‌కు తగిలించే గూగుల్ పరికరం క్రోమ్‌కాస్ట్ ఆడియో 2015లో వచ్చి 2019 నాటికే దుకాణాల్లోంచి మాయమైంది. ఆ లెక్కన దీనిది గట్టి ప్రాణమే.

ఏర్పాటు పెద్దదేమీ కాదు. పాటలు, సర్వర్ ఒక పాత ల్యాప్‌టాప్‌లో ఉంటాయి. గదికొక రాస్ప్‌బెర్రీ పై (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్), దాని మీద డిజిటల్ పాటను స్పీకర్లకు పంపే సిగ్నల్‌గా మార్చే డాక్ బోర్డు, ఇంట్లో మూలన పడి ఉన్న స్పీకర్లు. బోర్డులు, కేబుళ్లు ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే ఎస్పీ రోడ్డులో దొరికాయి. ఈ రాస్ప్‌బెర్రీ పైలలో, వాటిని ప్లేయర్లుగా మార్చే పైకోర్‌ప్లేయర్ అనే సాఫ్ట్‌వేర్ వేశాను. అది మొత్తం ర్యామ్‌లోకి ఎక్కి నడుస్తుంది కాబట్టి హఠాత్తుగా కరెంటు పోయినా మెమరీ కార్డు పాడవదు. ఏప్రిల్ గాలివానలకు రోజూ దీపాలు ఆరే మా వీధిలో ఇది చిన్న వరం కాదు.

అసలు పరీక్ష శ్రుతిలో కాదు, సమయంలో ఉంది. ధ్వని ఒక మీటరు దాటడానికి దాదాపు 3 మిల్లీసెకన్లు పడుతుంది. ఆపాటి తేడాను చెవి పట్టించుకోదు. రెండు గదుల మధ్య తేడా 40, 50 మిల్లీసెకన్లు దాటితే మాత్రం మృదంగం దెబ్బ ఒకటి రెండవుతుంది. నా హాలు ఆంప్లిఫయర్ లోపల శబ్దాన్ని శుద్ధి చేసి ఆలస్యంగా వదులుతుంది. ప్లేయర్ సెట్టింగుల్లో ఈ ఆలస్యాన్ని మిల్లీసెకన్లలో చెప్పే వీలుంది. హాలుకీ వంటింటికీ నడుమ గడపలో నిలబడి, తని ఆవర్తనం (కచేరీలో మృదంగం విడిగా వాయించే భాగం) పెట్టి, అంకె కొంచెం కొంచెం మారుస్తూ పోయాను. ఒక చోట జంట దెబ్బలు అతుక్కుని ఒక్కటయ్యాయి. ఆ తరువాత దాన్ని ముట్టుకోలేదు. బ్లూటూత్ స్పీకర్లను ఇందులో కలపాలనుకునేవారికి ఒకటే మాట: వద్దు. వాటి ఆలస్యం ఎక్కువ, పైగా నిలకడ ఉండదు.

పైగదితోనే బాధపడ్డాను. అక్కడ పెట్టిన రాస్ప్‌బెర్రీ పై జీరో డబ్ల్యూ మోడల్‌కు 2.4 గిగాహెర్ట్‌జ్ వైఫై మాత్రమే ఉంటుంది. చుట్టుపక్కల ఇళ్ల రౌటర్లన్నీ ఆ బాటలోనే కిక్కిరిసి ఉంటాయి. పాట తెగుతూ, ఆగుతూ వచ్చేది. దాన్ని తీసేసి, ఈథర్నెట్ పోర్టున్న రాస్ప్‌బెర్రీ పై 3 పెట్టి, కిటికీ సందులోంచి కేబుల్ లాగాక గొడవ తీరింది. చూడటానికి వికారంగానే ఉంది.

వంటింటి ప్లేయర్‌కు పెట్టిన తెల్లవారుజాము అలారం అమ్మకు బాగా నచ్చింది. "మిక్సీ వేసినా వినిపిస్తోందిరా" అంటుంది. సర్వర్‌ను నడిపే వెబ్ పేజీ అసలు రూపం మరీ పాతకాలపుది, దాని రూపం మార్చే మెటీరియల్ స్కిన్ వేసుకోక తప్పదు. ఆన్‌లైన్ పాటల సేవలకు ప్లగిన్లున్నాయి గానీ, సేవ తన పద్ధతి మార్చుకున్నప్పుడల్లా అవి మొరాయిస్తాయి. సొంత పాటల నిధి లేనివారికి ఇది పెద్దగా ఉపయోగపడదు.

నిధి ఉన్నవారికి ట్యాగుల (పాట ఫైలులో ఉండే గాయకుడు, ఆల్బమ్ వంటి వివరాల) పని తప్పదు. నా దగ్గర ఘంటసాల ఒకచోట ఇంటిపేరుతో, ఒకచోట పూర్తి పేరుతో, మరొకచోట తెలుగు లిపిలో ముగ్గురు గాయకులుగా కనిపిస్తారు. ఆదివారాలు ఆ పేర్లు సరిచేస్తున్నాను, ఇంకా త్యాగరాజ కీర్తనల దాకా రాలేదు.