జెడ్9 తర్వాత వచ్చేదాంట్లో నాకు కావాల్సింది మెగాపిక్సెళ్లు కాదు

నికాన్ జెడ్9 ప్రకటించింది 2021 అక్టోబర్ 28న. అప్పట్లో మన దేశంలో బాడీ (లెన్స్ లేకుండా కెమెరా ఒక్కటే) ధర 4,75,995 రూపాయలు. ఈ స్థాయి కెమెరాలు మామూలుగా నాలుగేళ్లకు అటూ ఇటూగా మారుతుంటాయి కాబట్టి దీని తర్వాతి మోడల్ గురించి చర్చ ఎప్పుడో మొదలైంది, కోఠి గుజరాతీ గల్లీలో ఫిల్టర్ కొనడానికి వెళ్లినా కౌంటర్ దగ్గర అదే మాట. రూమర్ల జోలికి నేను పోను. ఇప్పుడున్న జెడ్9 ఏం చేస్తుందో, అందులో ఏది మారితే నేను జేబులోంచి డబ్బు తీస్తానో, ఏది మారినా తీయనో మాత్రం చెప్తాను. నా పని రెండు రకాలు. పెళ్లిళ్లు డబ్బు తెస్తాయి, పక్షులు ఆ డబ్బు తింటాయి. రెండింటికీ ఒకే బాడీ వాడతాను కాబట్టి నా కోరికలు కూడా ఒకదానితో ఒకటి తగాదా పడుతుంటాయి, అది ముందే చెప్పేస్తున్నా.

ముందు మంచి మాట. ఇందులో మెకానికల్ షట్టర్, అంటే క్లిక్కుమని తెరుచుకుని మూసుకునే తెర, లేనే లేదు, అంతా ఎలక్ట్రానిక్. 2021లో అది పెద్ద తెగింపు, ఎందుకంటే సోనీ ఏ1లో మెకానికల్ షట్టర్ పెట్టారు, ఆ తర్వాత 2024లో వచ్చిన కెనాన్ ఆర్1లో కూడా ఉంచారు. జీలకర్ర బెల్లం పెట్టే క్షణంలో తెర దించుతారు చూడండి, మేళం ఊపందుకోవడానికి ముందు ఒక్కసారి అందరూ ఊపిరి బిగబట్టినట్టు ఉంటుంది, అక్కడ పాత డీఎస్ఎల్ఆర్‌తో టపటపా కొడితే పంతులుగారు తలెత్తి చూసేవారు. ఇప్పుడు సెకనుకు 20 రా ఫ్రేములు (సెన్సర్ డేటాని కెమెరా వండకుండా దాచే ఫైళ్లు) కొడుతున్నా పక్కన నిలబడ్డ పెళ్లికూతురి పిన్నికి కూడా తెలియదు. వ్యూఫైండర్లో బ్లాకౌట్ కూడా ఉండదు, తలంబ్రాలు పోసేటప్పుడు ఏ చెయ్యి ఎప్పుడు లేస్తుందో కళ్లార్పకుండా చూస్తూ తీయొచ్చు. కెమెరా ఆఫ్ చేయగానే సెన్సర్ ముందు ఒక షీల్డ్ మూసుకునేలా పెట్టుకోవచ్చు. హోమం పొగ, అక్షింతలు, పసుపు పొడి మధ్య లెన్స్ మార్చేవాడికి ఆ చిన్న సదుపాయం ఎంత హాయో చెప్పలేను. పైగా నికాన్ ఈ కెమెరాకి ఫర్మ్‌వేర్ల (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ల) రూపంలో చాలా ఇచ్చింది. 8కె 60పి రా వీడియో 2022లో అలాగే వచ్చింది, ఆటో క్యాప్చర్ (కెమెరా తనంతట తానే ఫొటో తీయడం) 2023లో వచ్చింది, పక్షులకు విడిగా డిటెక్షన్ మోడ్ ఆ తర్వాత వచ్చింది. కొన్న రోజు కన్నా ఇప్పుడు మంచి కెమెరా నా చేతిలో ఉంది, ఈ మాట వేరే కెమెరా గురించి చెప్పే అవకాశం నాకు ఎక్కువగా రాలేదు.

ఇక గొడవ. నా మొదటి డిమాండ్, అవసరమైతే ఏకైక డిమాండ్ కూడా ఇదే: ప్రీ-రిలీజ్ క్యాప్చర్ రా లో కావాలి.

తెలియనివాళ్ల కోసం చెప్తా. షట్టర్ బటన్ సగం నొక్కి పట్టుకుంటే కెమెరా లోపల ఫ్రేములు తీసుకుంటూ, పాతవి పారేస్తూ ఉంటుంది. మీరు పూర్తిగా నొక్కినప్పుడు అంతకుముందు ఒక సెకను వరకు జరిగింది కూడా కార్డులోకి వస్తుంది. పాలపిట్టని తీసినవాళ్లకి దీని విలువ ఎవరూ చెప్పక్కర్లేదు. కరెంటు తీగ మీద కూర్చున్నంతసేపు అది గోధుమరంగు పిట్ట, దసరా రోజు దాన్ని చూడాలని ఊరంతా ఎందుకు తిరుగుతారో కొత్తవాళ్లకి అర్థం కాదు. రెక్క విప్పితేనే ఆ నీలం. అది రెక్క విప్పడం మన కంటికి కనబడి వేలు కదిలేసరికి పావు సెకను పోతుంది, ఆ పావు సెకనులో పాలపిట్ట ఫ్రేములోంచి సగం వెళ్లిపోయి ఉంటుంది. అందుకే ప్రీ-క్యాప్చర్. జెడ్9లో అది ఉంది, బాగా పనిచేస్తుంది, కానీ జేపెగ్ (కెమెరానే వండి కుదించి ఇచ్చే ఫైలు) మాత్రమే. ఉదయం ఎనిమిది దాటాక మన ఎండలో ఆ నీలాన్ని జేపెగ్‌లో తీస్తే బ్లూ చానెల్ నిండిపోయి ఈకల మధ్య గీతలన్నీ కలిసిపోతాయి, తర్వాత లైట్‌రూమ్‌లో ఎంత లాగినా అవి తిరిగి రావు. ఎక్స్‌పోజర్ ముందే తగ్గించి పెట్టుకోవాలి, అప్పుడు గొంతు కింద నీడ మూసుకుపోతుంది. సోనీ ఏ9 మార్క్ 3, ఏ1 మార్క్ 2, కెనాన్ ఆర్1, ఆర్5 మార్క్ 2, ఇవన్నీ రా లో ఇస్తున్నాయి. ఆర్5 మార్క్ 2 ఇచ్చేది అర సెకనే, అయినా పదిహేను రా ఫ్రేములు. ఆ అర సెకను చాలు నాకు. జెడ్9 నిదానంగా పాతబడుతున్న చోట్లు చాలా ఉన్నాయి గానీ సూటిగా వెనకబడింది ఇక్కడే.

రెండోది కొంచెం పెద్ద కథ. ఈమధ్య ఏ రిసెప్షన్ చూసినా స్టేజీ వెనక ఎల్ఈడీ గోడ ఉంటుంది. ఈవెంట్ వాళ్లు అద్దె తక్కువని ఏ ప్యానెల్ దొరికితే అది బిగిస్తారు, అది సెకనుకు వందలసార్లు, ఒక్కోసారి వేలసార్లు ఆరి వెలుగుతూ ఉంటుంది, కంటికి తెలియదు. కానీ కెమెరా సెన్సర్ పైనుంచి కిందికి వరసగా చదువుతుంది కదా, ఆ లోపు లైటు ఆరి వెలిగితే ఫొటోలో అడ్డచారలు. జెడ్9 సెన్సర్ మొత్తం చదవడానికి సెకనులో దాదాపు 270వ వంతు పడుతుంది. ఎలక్ట్రానిక్ షట్టర్ల లెక్కలో అది చాలా వేగం, ఫ్యాన్ రెక్కలు వంకరపోవడం, పరిగెత్తే కారు వాలిపోవడం లాంటివి దాదాపు కనబడవు. కానీ చారలు మాత్రం పూర్తిగా పోలేదు. ఇందులో హై-ఫ్రీక్వెన్సీ ఫ్లిక్కర్ రిడక్షన్ అని ఉంది, షట్టర్ స్పీడుని దశాంశాల లెక్కన సర్దుకుంటూ పోతే చారలు మాయమయ్యే చోటు దొరుకుతుంది. ఒక్క లైటుకైతే సరే. స్టేజీ మీద గోడ ఒక ఫ్రీక్వెన్సీ, పైన పార్ లైట్లు ఇంకొకటి, వీడియో కుర్రాడి లైటు మరొకటి అయితే దేనికని సర్దుతాం? మెకానికల్ షట్టర్ ఉన్న బాడీలో దానికి మారి చూసుకోవచ్చు, అక్కడా చారలు పూర్తిగా పోతాయని లేదు గానీ ఇందులో ఆ దారి కూడా లేదు.

దీనికి చాలామంది చెప్పే మందు గ్లోబల్ షట్టర్. 2023 నవంబర్‌లో సోనీ ఏ9 మార్క్ 3 దాన్ని తెచ్చింది, సెన్సర్ అంతా ఒకేసారి చదివేస్తుంది, చారల సమస్యే ఉండదు, ఫ్లాష్ సింక్, అంటే ఫ్లాష్‌తో వాడగల అత్యధిక షట్టర్ స్పీడు, 1/80000 సెకను దాకా వెళ్తుంది. మిట్ట మధ్యాహ్నం ఆరుబయట హల్దీ తీసేవాడికి ఆ మాట వింటేనే నోరూరుతుంది, ఎందుకంటే జెడ్9లో మామూలు సింక్ 1/200 దగ్గరే ఆగిపోతుంది. కానీ ఏ9 మార్క్ 3 దానికి చెల్లించిన మూల్యం కూడా చూడండి: 24 మెగాపిక్సెళ్లు, కనిష్ఠ ఐఎస్ఓ (వెలుతురుకి సెన్సర్ సున్నితత్వం) 250, నీడల్లో కొంచెం నాయిస్. నేలపట్టులో గూడబాతుల్ని దూరంగా నిలబడి తీసి క్రాప్ చేసుకునేవాడికి 24 చాలవు. నాలోని పెళ్లి ఫొటోగ్రాఫర్ గ్లోబల్ కావాలంటాడు, పక్షుల వాడు వద్దంటాడు. చివరికి నేను రెండోవాడి పక్షమే, గ్లోబల్ వద్దు. ఇప్పుడున్న స్టాక్డ్ సెన్సరే (పొరలుగా పేర్చిన, త్వరగా చదివే రకం) ఉంచి చదివే సమయం సగానికి తగ్గిస్తే, అంటే 1/500 దరిదాపులకి తెస్తే, చారలు చాలావరకు పలచబడతాయి, దానితో పాటే ఫ్లాష్ సింక్ కూడా పెరగాలి. ఫ్లాగ్‌షిప్ అన్నాక ఈ మాత్రం అడగడంలో తప్పేమీ లేదు.

మెగాపిక్సెళ్ల గురించి ఒక్క మాట. 60 అంటున్నారు, 67 అంటున్నారు, నాకొద్దు. 45.7 మెగాపిక్సెళ్లంటే వెడల్పు 8256 పిక్సెళ్లు, మన 12x36 ఆల్బమ్ షీటు అంతా పరిచినా అంగుళానికి 229 వస్తాయి, చేతిలో పట్టుకుని చూసే ఏ అత్తయ్యా అందులో తేడా చెప్పలేదు. ఎక్కువ పిక్సెళ్లంటే ఎక్కువ హార్డ్ డిస్కులు, అంతే. నికాన్ హై ఎఫిషియెన్సీ రా ఇచ్చి ఫైళ్లు చిన్నవి చేసిందే గానీ సీజన్లో నెల తిరిగేసరికి డ్రైవు నిండటం మాత్రం ఆగలేదు.

వ్యూఫైండర్ మాత్రం మార్చాల్సిందే, ఇందులో చర్చ లేదు. 36.9 లక్షల చుక్కలు. సోనీ ఏ1లో, కెనాన్ ఆర్1లో 94.4 లక్షలు. అవి పక్కనబెట్టండి, నికాన్ వాళ్ల సొంత జెడ్6 మార్క్ 3, దాదాపు సగం ధరది, అందులోనే 57.6 లక్షల చుక్కల వ్యూఫైండర్ పెట్టారు, వెలుతురు కూడా ఎక్కువ. ఇంట్లో చిన్నవాడికి కొత్త చొక్కా, పెద్దవాడికి పాతది.

ఆటోఫోకస్ మీద నాకు పెద్ద ఫిర్యాదు లేదు, పక్షులకి చాలా బాగుంది, పెళ్లిళ్లలోనే ఒక్కోచోట మొహమాటపడుతుంది. తలంబ్రాలు గాల్లో ఉన్నప్పుడు ఫోకస్ కన్ను వదిలి ముందున్న బియ్యం గింజల మీదికి దూకడం ఏ కెమెరాకైనా జరిగేదే, అక్కడ ఏరియా చిన్నది చేసుకుని తీయాలి. నేను అడిగేది వేరే. అప్పగింతల్లో పెళ్లికూతురి చుట్టూ ఇరవై మంది ఆడవాళ్లు, అందరూ ఏడుస్తూ, అందరి ముఖాలూ కెమెరాకి ముఖాలే. కెనాన్ ఆర్1, ఆర్5 మార్క్ 2లలో ముందే కొందరి ముఖాలు నమోదు చేసి పెట్టుకుంటే గుంపులో కూడా వాళ్లనే పట్టుకుంటాయి. పొద్దున పెళ్లికూతుర్ని చేసేటప్పుడు అమ్మాయి ముఖం, అమ్మానాన్నల ముఖాలు నమోదు చేసుకుని రాత్రి దాకా నిశ్చింతగా ఉండటం, ఇది నాకు సెకనుకు ఎన్ని ఫ్రేములన్న దానికన్నా ఎక్కువ అవసరం. 20 ఉన్నాయి, చాలు. 40 ఇస్తే ఏరుకోవడానికి ఇంకో మనిషిని పెట్టుకోవాలి.

బరువు విషయంలో నా మాట చాలామందికి నచ్చదు. బ్యాటరీ, కార్డుతో కలిపి 1340 గ్రాములు. 180-600 లెన్స్ తగిలిస్తే మూడున్నర కిలోలు, పొద్దున్నుంచి కొల్లేరు గట్ల మీద మోస్తే సాయంత్రానికి భుజం చెప్తుంది ఆ లెక్క. కెనాన్ ఆర్1 1115 గ్రాములే కాబట్టి ఇక్కడా ఓ రెండొందల గ్రాములు తగ్గించొచ్చు, తగ్గించాలి. కానీ కింద ఉన్న గ్రిప్ తీసేసి సోనీలా చిన్న బాడీ చేయమని అడిగేవాళ్లతో నేను ఏకీభవించను. నిలువు ఫొటోలు మన పెళ్లిళ్లలో సగం ఉంటాయి, గ్రిప్ లేకపోతే మోచేయి పైకెత్తి ఎన్ని గంటలు నిలబడతాం? పైగా ఆ పెద్ద బ్యాటరీ. స్నాతకం నుంచి అప్పగింతల దాకా ఒకటి, మహా అయితే రెండు చాలు. చిన్నది కావాలంటే జెడ్8 ఉండనే ఉంది, అదే సెన్సర్, 910 గ్రాములు, కానీ దాని బ్యాటరీలు మాత్రం జేబు నిండా వేసుకెళ్లాలి.

వీడియో నా చేతి పని కాదు, మా టీమ్‌లో వేరే కుర్రాడు చూస్తాడు. అతని కోరిక ఒకటే, ఓపెన్ గేట్, అంటే సెన్సర్ మొత్తం వాడి రికార్డు చేయడం. ఇప్పుడు ప్రతి క్లయింటూ అడ్డం సినిమా ఒకటి, నిలువు రీల్స్ ఒకటి అడుగుతున్నారు, ఓపెన్ గేట్ ఉంటే ఒకే షాట్ నుంచి రెండూ కోసుకోవచ్చు. నికాన్ 2024లో రెడ్ అనే సినిమా కెమెరాల కంపెనీని కొనుక్కుంది కాబట్టి ఆ కెమెరాల రంగులు కూడా రావాలంటాడు. రానీ, నేనేం అడ్డుపడను, దాని పేరు చెప్పి ధర పెంచకపోతే.

ధర దగ్గరే నా భయమంతా. ఆరు లక్షలు దాటితే మాలాంటివాళ్లకి లెక్క కుదరదు. పెళ్లి ప్యాకేజీ రేటు పెంచుదామంటే పక్క వీధిలో సగానికి చేసేవాడున్నాడు, ఈఎంఐ మాత్రం ఎవరికోసం ఆగదు. రా ప్రీ-క్యాప్చర్, మంచి వ్యూఫైండర్, త్వరగా చదివే సెన్సర్, ఈ మూడూ ఉంటే ఐదున్నర దాకా నేను సిద్ధం. మూడింటిలో మొదటిది లేకపోతే ఇంకేం ఇచ్చినా నా జెడ్9తోనే ఉంటా.

మూఢం వెళ్లి ముహూర్తాలు మొదలవబోతున్నవాళ్లు కొత్తదాని కోసం ఆగొద్దు. కొత్తది వచ్చిన మొదటి నెలల్లో స్టాకు దొరకదు, ఈలోపు ఇప్పుడున్నది రోజూ పని చేసి పెడుతుంది. సెకండ్ హ్యాండ్‌లో జెడ్9 చూసేవాళ్లకి ఒక సలహా: షట్టర్ కౌంట్ (ఇప్పటిదాకా తీసిన ఫొటోల సంఖ్య) చూసి హడలిపోకండి, అరిగిపోయే షట్టర్ ఇందులో లేదు, ఐదు లక్షలు దాటి ఉన్నా అదే కారణంగా ధర తగ్గించమని బేరమాడండి తప్ప వదులుకోకండి. చూడాల్సింది లెన్స్ మౌంట్ చుట్టూ అరుగుదల, కార్డు స్లాట్ లోపలి పిన్నులు, హెచ్‌డీఎంఐ పోర్టు వదులుగా ఉందా, గ్రిప్ రబ్బరు లేచిందా అన్నవి. ఒక తెల్ల కాగితాన్ని ఎఫ్16లో తీసి సెన్సర్ మీద మచ్చలు కూడా చూసుకోండి, బిల్లు మీద సీరియల్ నంబర్ బాడీ మీదున్నదీ ఒకటేనా కాదా అన్నది డబ్బు ఇవ్వకముందే చూడాలి.