బీమిమ్ పీఎఫ్6 సమీక్ష: ఆవిరి రాదు, కానీ నీళ్లూ వేడీ కలిస్తే జాగ్రత్త

విశాఖలో ఒక పరిశోధన ల్యాబ్‌లో పనిచేస్తూ ఈ ద్రవాన్ని చాలా ఏళ్లుగా వాడుతున్నాను. పూర్తి పేరు 1-బ్యూటైల్-3-మిథైల్ ఇమిడజోలియం హెక్సాఫ్లోరోఫాస్ఫేట్. ల్యాబ్‌లో అందరం బీమిమ్ పీఎఫ్6 అంటాం. గది ఉష్ణోగ్రతలో ద్రవంగానే ఉండే లవణం ఇది, ఇలాంటివాటిని అయానిక్ ద్రవాలు అంటారు. రంగు ఉండదు, వాసన రాదు, ఆముదంలా చిక్కగా ఉంటుంది. నీటికన్నా బరువు, మిల్లీలీటరుకు దాదాపు 1.37 గ్రాములు. అందుకే నీళ్లలో పోస్తే అడుగున ఒక పొరగా నిలుస్తుంది.

పనితనం గురించి ముందే చెప్పేస్తాను, ఎందుకంటే అందులో ఫిర్యాదు లేదు. పల్లాడియం ఉత్ప్రేరకాన్ని ఈ ద్రవంలో కరిగించి చర్య జరిపి, ఉత్పత్తిని ఈథర్‌తో లాగేసుకుంటే ఉత్ప్రేరకం కిందే ఉండిపోతుంది. అదే ద్రవాన్ని మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు. నీళ్లతో, ఈథర్‌తో, హెక్సేన్‌తో కలవదు. ఎసిటోన్, ఇథైల్ ఎసిటేట్, డైక్లోరోమీథేన్‌లతో చక్కగా కలుస్తుంది. వేరుచేయడానికి ఇంత వీలైన ద్రావణి అరుదు. నేను రాస్తున్నది భద్రత గురించి. ఈ సీసా మీద రాసి ఉన్నదానికీ, వాడేటప్పుడు ఎదురయ్యేదానికీ మధ్య దూరం చాలా ఉంది. కొత్తగా ల్యాబ్‌లో చేరే పిల్లలకు ఆ దూరం ఎవరూ చెప్పడం లేదు.

ఈ ద్రవానికి పేరు తెచ్చింది ఒక్క గుణం, గది ఉష్ణోగ్రతలో దాదాపు ఆవిరి కాకపోవడం. అమెరికాలోని అలబామా విశ్వవిద్యాలయంలో రాబిన్ రోజర్స్ బృందం 1998లో బీమిమ్ పీఎఫ్6తో ద్రవ-ద్రవ వెలికితీత (ఒక ద్రవంలో కరిగినదాన్ని దానితో కలవని మరో ద్రవంలోకి లాగడం) చేసి చూపించింది. బెంజీన్, క్లోరోఫాం లాంటి ఆవిరయ్యే ద్రావణుల బదులు దీన్ని వాడొచ్చన్న ఆశ అప్పుడు బలపడింది. పర్యావరణానికి మేలు చేసే ద్రావణి అన్న ముద్ర పడిపోయింది. అదే బృందం 2003లో మరో మాట చెప్పింది. ఈ ద్రవం నీటితో విచ్ఛిన్నమవుతుందనీ, అందులోంచి వచ్చిన ఫ్లోరైడ్ లవణం స్ఫటికాలు తమకు దొరికాయనీ, అయానిక్ ద్రవాలన్నీ పర్యావరణహితం కావనీ ప్రచురించింది. ముందు మెచ్చుకున్నవాళ్లే తరువాత హెచ్చరించారు. మొదటి కబురు పాఠాల్లోకి చేరింది. రెండోది చేరాల్సినంతగా చేరలేదు.

అసలు ప్రమాదం ఈ లవణంలో రుణావేశం ఉన్న భాగంలో, అంటే పీఎఫ్6 అనే రుణ అయాన్‌లో ఉంది. భాస్వరం చుట్టూ ఆరు ఫ్లోరిన్ పరమాణువులు. పొడిగా, చల్లగా ఉన్నంతకాలం అది కదలదు. నీరు, వేడి, కాస్త ఆమ్లం మూడూ కలిస్తే ఫ్లోరిన్‌లు ఒక్కొక్కటిగా ఊడి హైడ్రోజన్ ఫ్లోరైడ్ పుడుతుంది. ల్యాబ్ భాషలో హెచ్ఎఫ్. గాజును తినేది, చర్మంలోంచి లోపలికి దిగి ఎముకదాకా పోయేది అదే.

నీళ్లు ఎక్కడినుంచి వస్తాయి, ఇది నీటితో కలవదు కదా అని అడుగుతారు. కలవదు, కానీ పీల్చుకుంటుంది. నీటితో బాగా తడిస్తే బరువులో సుమారు 2 శాతం దాకా నీరు ఇందులో ఉండిపోతుంది. మా ఊళ్లో సముద్రపు గాలి, జూన్ నుంచి అక్టోబరు దాకా ఉక్కపోత. మూత సరిగ్గా బిగించని సీసాలో తేమ చేరడానికి ప్రత్యేకంగా ఏమీ చేయక్కర్లేదు. వాడిన ద్రవాన్ని నీళ్లతో కడిగి తిరిగి వాడుకునేటప్పుడైతే అది పూర్తిగా తడిసే ఉంటుంది. సరిగ్గా ఆ తడి ద్రవాన్నే మనం ఆరబెట్టడానికి వేడి చేస్తాం. ప్రమాదం ఉన్నదంతా ఆ మెట్టు దగ్గరే.

మా పక్క బెంచ్ మీద ఒకసారి తిరిగి తీసుకున్న ద్రవాన్ని రోటావేపర్‌లో (ఫ్లాస్క్‌ను తిప్పుతూ వాక్యూమ్‌లో ఆవిరి చేసే పరికరం) పెట్టి బాగా వేడి చేశారు. అందులో అంతకుముందు చర్యలో మిగిలిన ఆమ్లం ఉంది. పూర్తయ్యాక చూస్తే ఫ్లాస్క్ లోపలి గాజు పొగచూరినట్టు మసకబారింది, ఎంత తోమినా పోలేదు. గాజు చెక్కుకుపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు, ఎందుకంటే ఫ్లాస్క్‌ను హుడ్‌లోనే, అంటే పొగలను బయటికి లాగే అరలోనే విప్పారు. ఆ తరువాత మా దగ్గర ఒక పద్ధతి స్థిరపడింది. కడిగిన నీళ్లు పీహెచ్ కాగితం (ఆమ్లం ఉంటే రంగు మారేది) మీద తటస్థంగా వచ్చేదాకా ద్రవం వేడికి వెళ్లకూడదు. ముందు గది ఉష్ణోగ్రతలోనే వాక్యూమ్ పెట్టి వీలైనంత నీటిని లాగాలి. ఆ తరువాతే నెమ్మదిగా 60 డిగ్రీల దాకా పెంచాలి. తొందరపడి 100 దాటించడం అస్సలు లేదు. పంపుకు ముందు కోల్డ్ ట్రాప్ (ఆవిర్లను చల్లబరిచి పట్టి ఉంచే పాత్ర) తప్పనిసరి. పీహెచ్ కాగితం ఖరీదైనదేమీ కాదు, అది లేదని ఈ పరీక్ష మానేయడానికి కారణం కనిపించదు.

సొంతంగా తయారుచేసుకునే వాళ్లకు ఇంకో మాట. పాత పద్ధతుల్లో బీమిమ్ క్లోరైడ్‌ను హెక్సాఫ్లోరోఫాస్ఫారిక్ ఆమ్లంతో కలుపుతారు. ఆ ఆమ్లం తాకినదాన్ని తినేసే గుణం ఉన్నది, దానిలోనే హెచ్ఎఫ్ ఉంటుంది. చివర్లో ఎంత కడిగినా కొంచెం ఆమ్లం మిగిలితే, అదే తరువాత విచ్ఛిన్నాన్ని వేగవంతం చేస్తుంది. పొటాషియం హెక్సాఫ్లోరోఫాస్ఫేట్‌తో చేస్తే ఈ తలనొప్పి చాలావరకు తప్పుతుంది. క్లోరైడ్ పూర్తిగా పోయిందా లేదా అన్నది సిల్వర్ నైట్రేట్ చుక్కతో చూసుకోవచ్చు. కడిగిన నీళ్లు తెల్లగా విరిగితే ఇంకా ఉన్నట్టు.

ఇక ముడిసరుకు బీమిమ్ క్లోరైడ్. నన్నడిగితే రోజువారీ పనిలో దానికే ఎక్కువ భయపడాలి. 70 డిగ్రీల దగ్గర కరిగే తెల్లటి ఘనపదార్థం, చూడటానికి అమాయకంగా ఉంటుంది. లేబుల్ మీద పుర్రె గుర్తు, డేంజర్ అన్న మాట ఉంటాయి. మింగితే విషం. పీఎఫ్6 సీసా మీదేమో చర్మానికీ కళ్లకూ చికాకు అని మాత్రమే రాసి ఉండటం ఎక్కువగా చూశాను. క్లోరైడ్ గాలిలోని తేమను వేగంగా లాక్కుంటుంది. వర్షాకాలంలో తూకం వేస్తుండగానే చెంచా మీద చెమ్మగిల్లి జిగురవుతుంది, ఆ జిగురు త్రాసు పళ్లెం మీద, బటన్ల మీద అంటుతుంది. త్రాసును తరువాత వాడేవాళ్లకు గ్లౌవ్స్ ఉండవు. క్లోరైడ్ తూచాక త్రాసు తుడిచి సంతకం పెట్టాలన్న నియమం మా ల్యాబ్‌లో ఉంది. దాని విషయంలో నేను ఎవరినీ వదలను.

ఆవిరి కాకపోవడం గురించి జనం మంచి వైపే చూస్తారు. పీల్చే ప్రమాదం తగ్గుతుంది, నిజమే. కానీ ఎసిటోన్ ఒలికితే నిమిషాల్లో ఎగిరిపోతుంది, ముక్కుకు కూడా తెలుస్తుంది. ఇది ఒలికితే వారం తరువాత కూడా అక్కడే ఉంటుంది. రంగు లేదు, వాసన లేదు. గ్లౌవ్ మీద పడిన చుక్క అక్కడినుంచి హుడ్ తలుపుకు, కుళాయికి, ఫోన్‌కు పాకుతుంది. టైల్స్ మీద పడితే కాలు జారుతుంది. ఒట్టి నీళ్లతో తుడిస్తే పరుచుకోవడమే తప్ప పోదు. ముందు టిష్యూతో అద్ది, తరువాత ఎసిటోన్‌తో తడిపిన టిష్యూతో తుడవాలి. తుడిచేటప్పుడు దగ్గర్లో మంట, హాట్‌ప్లేట్ ఉండకూడదు. ఆ టిష్యూలు మామూలు చెత్తబుట్టలోకి కాదు, మూసిన సంచిలో ప్రమాదకర వ్యర్థాల్లోకి వెళ్లాలి. గ్లౌవ్స్ విషయంలో నేను పలచటి నైట్రైలే వాడతాను, కానీ చుక్క పడిందంటే వెంటనే మారుస్తాను. కళ్లద్దాలు ఎప్పుడూ ఉంటాయి.

మంట అంటుకోదు అన్న మాట కూడా పూర్తిగా నిజం కాదు. గది ఉష్ణోగ్రతలో మండే ఆవిరి ఉండదు కాబట్టి అగ్గిపుల్ల పెట్టినంత మాత్రాన అంటుకోదు. బాగా వేడెక్కితే విచ్ఛిన్నమై వచ్చే వాయువులు మండుతాయి. అయానిక్ ద్రవాల్లో కొన్ని మండుతాయని 2006లో ప్రయోగాలతో చూపించారు. నైట్రేట్, డైసయనమైడ్ లాంటి రుణ అయాన్లు ఉన్న రకాలతో ఇంకా జాగ్రత్త కావాలి. వాటిలో శక్తి ఎక్కువ. పీఎఫ్6 మంటల్లో పడితే వచ్చే పొగలో ఫ్లోరిన్ ఉన్న విషవాయువులు ఉంటాయి. వీటన్నిటికంటే సూటైన విషయం ఇంకొకటి ఉంది. ఉత్పత్తిని లాగడానికి మనం వాడేది ఈథర్. పక్కన ఈథర్ పెట్టుకుని మండని ద్రావణి వాడుతున్నామని ధీమాగా ఉంటే ఎలా?

ప్రథమ చికిత్స గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఇక్కడ మన ల్యాబ్‌లు బాగా వెనకబడి ఉన్నాయి. గోడకు తగిలించిన ఫస్ట్ ఎయిడ్ పెట్టెలో దూది, టించర్, కాలిన గాయాల ఆయింట్‌మెంట్ ఉంటాయి. హెచ్ఎఫ్‌కు అవేవీ పనిచేయవు. కావలసింది 2.5 శాతం కాల్షియం గ్లూకోనేట్ జెల్. హెచ్ఎఫ్ లోపలికి దిగి శరీరంలోని కాల్షియంను పట్టేస్తుంది, అది ఎక్కువైతే గుండె లయ తప్పుతుంది. పలచటి హెచ్ఎఫ్ అంటితే నొప్పి వెంటనే రాదు. గంటలు గడిచాక, కొన్నిసార్లు మరుసటి రోజుకు కూడా మొదలవుతుంది. అందుకే ఏమీ కాలేదులే అని ఇంటికి వెళ్లిపోకూడదు. వేడి చేసిన పాత ద్రవం, మసకబారిన ఫ్లాస్క్, గాటైన పొగ, వీటిలో ఏదైనా ఉండి చర్మానికి తగిలిందన్న అనుమానం వస్తే ముందు నీళ్లతో బాగా కడగాలి. తరువాత జెల్ రాసి రుద్దుతూ ఆసుపత్రికి బయలుదేరాలి. సేఫ్టీ డేటా షీట్ (తయారీదారు ఇచ్చే భద్రతా వివరాల పత్రం) చేతిలో ఉండాలి. క్యాజువాలిటీలో డాక్టరుగారికి హెచ్ఎఫ్ అనుమానం అని స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే చర్మం పైకి మామూలుగానే కనిపించవచ్చు. జెల్ మా దగ్గర హుడ్ పక్కనే ఉంటుంది, ఎక్స్‌పైరీ తేదీ చూసి మార్చడం ఒకరి బాధ్యత. ఏ చిన్న ల్యాబ్‌కైనా అది భరించలేని ఖర్చు కాదు.

డేటా షీట్ల మీద నాకు అసంతృప్తి ఉంది. నేను చూసినవాటిలో చాలావాటిలో విషప్రభావం, పర్యావరణం గడుల్లో సమాచారం లేదు అనే ఉంటుంది. ఆ మాట చదివి ప్రమాదం లేదని అర్థం చేసుకునే విద్యార్థులను చూశాను. నిజానికి ఈ ఇమిడజోలియం కుటుంబంలో, అంటే ధనావేశం ఉన్న భాగం ఇమిడజోలియం అయిన ద్రవాల్లో ఒక తీరు స్పష్టంగా తెలుసు. దానికి అతుక్కున్న కార్బన్ల పక్క గొలుసు పొడవు పెరిగేకొద్దీ బ్యాక్టీరియాకు, నీటి జీవులకు విషం పెరుగుతుంది. నాలుగు కార్బన్ల బ్యూటైల్ కంటే ఎనిమిది కార్బన్ల ఆక్టైల్ ఎక్కువ హానికరం. ఇంగ్లండ్ ఈశాన్య భాగంలో ఒక చెత్త పూడ్చిన స్థలం చుట్టుపక్కల మట్టిలో ఆ ఆక్టైల్ రకమే దొరికింది. అది కాలేయ కణాల మీద ప్రభావం చూపుతుందనీ, ఒక కాలేయ వ్యాధిని ప్రేరేపించే అవకాశం ఉందనీ 2018లో న్యూకాజిల్ పరిశోధకులు రాశారు. అది అవకాశమే, నిరూపణ కాదు. అయినా ఈ పదార్థాలు ల్యాబ్ గోడ దాటి మట్టిలోకి చేరుతున్నాయని చెప్పడానికి చాలు.

అందుకే సింకు విషయంలో నేను గట్టిగా ఉంటాను. బీమిమ్ పీఎఫ్6 నీటితో కలవదు కాబట్టి కడిగిన నీళ్లు శుభ్రమనుకుంటారు. ఆ నీళ్లలో కూడా లీటరుకు దాదాపు 19 గ్రాముల దాకా ఇది కరిగి ఉండవచ్చు. ఇమిడజోలియం భాగం సూక్ష్మజీవులకు సులువుగా విరిగేది కాదు. కడిగిన నీళ్లను ప్లాస్టిక్ క్యాన్‌లో పట్టి, ఫ్లోరైడ్ ఉందని రాసి, వ్యర్థాలు తీసుకెళ్లేవాళ్లకు ఇవ్వాలి. గాజు క్యాన్ వద్దు, ఆమ్లం ఉన్న మరో వ్యర్థంతో కలపొద్దు. ఇలా చేస్తే ఖర్చు పెరుగుతుంది, అది కూడా ఈ ద్రావణి ధరలో భాగమే. కొనేముందు లెక్కలో వేసుకోండి.

ఇప్పుడు నేను దేనికి వాడుతున్నానంటే, గది ఉష్ణోగ్రతలో వెలికితీతకు, ఆమ్లం లేని మృదువైన చర్యలకు బీమిమ్ పీఎఫ్6ను సంతోషంగా వాడుతున్నాను. నీళ్లు, ఆమ్లం, వేడి మూడూ ఉన్న పనికి దీన్ని తీయను. అక్కడ పీఎఫ్6కు బదులు బిస్ ట్రైఫ్లోరోమీథైల్ సల్ఫోనైల్ ఇమైడ్ అనే రుణ అయాన్ ఉన్న రకం తీసుకుంటాను. అది నీటితో అలా విడిపోదు, చిక్కదనం కూడా తక్కువ, పని తేలిక. ధర మాత్రం ఎక్కువ, కాలిస్తే అదీ హెచ్ఎఫ్ ఇస్తుంది. సెల్యులోజ్ కరిగించే పనికి వచ్చే ఎసిటేట్ రకంలో ఫ్లోరిన్ బెడద లేదు కానీ అది క్షార స్వభావం ఉన్నది, ప్రతిదానిలోకీ పనికిరాదు.

మీ ల్యాబ్ షెల్ఫ్ మీద ఎవరో ఎప్పుడో వదిలేసి వెళ్లిన పాత బీమిమ్ పీఎఫ్6 సీసా ఉంటే, మామూలు సీసా అనుకుని బెంచ్ మీద మూత తీయకండి. హుడ్‌లో పెట్టి, గ్లౌవ్స్, కళ్లద్దాలు పెట్టుకుని తెరవండి. తడిపిన పీహెచ్ కాగితం మూతి దగ్గర పట్టి చూడండి. అది ఎర్రబడినా, గాజు లోపలివైపు మసకబారి ఉన్నా, ద్రవం పసుపు దాటి గోధుమరంగుకు తిరిగినా దాన్ని శుద్ధి చేసి వాడుకుందామని కూర్చోవద్దు. మూత పెట్టి, ప్లాస్టిక్ డబ్బాలో నిలబెట్టి, పేరు రాసి వ్యర్థాలకు పంపేయండి.