మొదటి ఇరవై నిమిషాలు మూగ, తర్వాత ఆంబోతు: 200 కిలోవాట్ల గ్యాస్ బర్నర్, 18 నెలల తర్వాత

చప్పుడు లేని మంట అని చెప్పి అమ్మే బర్నర్ ఇది. అబద్ధం అనలేం. స్టార్ట్ చేశాక మొదటి ఇరవై నిమిషాలు నిజంగానే పక్కన నిలబడి మామూలు గొంతుతో మాట్లాడుకోవచ్చు. తంటా అంతా ఆ తర్వాతే. బెంగళూరు పీణ్యలో పౌడర్ కోటింగ్ ఓవెన్‌కి పెట్టింది, పైపుల్లో వచ్చే సహజ వాయువు (పీఎన్‌జీ) మీద, రోజుకు రెండు షిఫ్టులు.

ఓవెన్ వేడెక్కాక పూర్తి మంటలో 45 నుంచి 60 శాతం ఫైరింగ్ మధ్య రంకె మొదలవుతుంది, షెడ్డు రేకులు అదురుతాయి. బ్లోవర్ బేరింగ్ మార్చినా తగ్గలేదు. అసలు ఆనవాలు శ్రుతిలో ఉంది: వేడి పెరిగేకొద్దీ మోత శ్రుతి పెరుగుతూ పోతుంది. మోటారు స్పీడు మారకుండా బేరింగ్ గోల అలా మారదు. మోగుతున్నది మంట గొట్టమే. లోపల సగటున 800 డిగ్రీలుంటే శబ్దవేగం సెకనుకు 660 మీటర్ల దాకా ఉంటుంది. బర్నర్ వైపు మూసుకుని చిమ్నీ వైపు తెరుచుకున్న 2.5 మీటర్ల గొట్టం ఆ లెక్కన 66 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. గొట్టంలో ఒత్తిడి పెరిగే క్షణంలోనే మంట వేడీ పెరిగితే మోత తనని తానే పెంచుకుంటుంది, 1878లో బ్రిటిష్ శాస్త్రవేత్త రేలీ చెప్పింది ఇదే. గ్యాస్ రంధ్రం నుంచి మంట దాకా మిశ్రమం చేరే సమయం గాలి వేగంతో మారుతుంది కాబట్టి, ఆ జత కుదిరేది మధ్య ఫైరింగ్‌లోనే.

సర్వీసుకి వచ్చినవాళ్ళు గాలి పెంచి ఫ్లూలో (పొగ పోయే దారిలో) ఆక్సిజన్‌ని 3 నుంచి 5.5 శాతానికి తెచ్చారు. మోత ఆగింది, వేడి చిమ్నీలోకి పోయింది. పైగా లో ఫైర్‌లో (కనిష్ఠ మంటలో) మంట, దాన్ని నిలబెట్టే డిఫ్యూజర్ ప్లేటు నుంచి లేచిపోయి, మంట ఉందో లేదో కనిపెట్టే ఫ్లేమ్ రాడ్ కరెంటు 6 మైక్రోఆంపుల నుంచి ఒకటిన్నర కిందికి దిగి, పొద్దున్నే లాకౌట్లు, అంటే బర్నర్ తనంతట తానే ఆగిపోవడం.

పనిచేసింది వేరు. గ్యాస్ వాల్వు మూసి, ప్లేటు పాత చోటు గీత గీసుకుని, 2 మిల్లీమీటర్ల చొప్పున వెనక్కి జరపాలి. జరిపిన ప్రతిసారీ అరగంట వేడెక్కనిచ్చి, లో, మిడ్, హై మూడింటిలోనూ కార్బన్ మోనాక్సైడ్, రాడ్ కరెంటు చూడాలి. చల్లగా ఉన్నప్పుడు చూసిన రీడింగు ఎందుకూ పనికిరాదు. 6 మిల్లీమీటర్ల దగ్గర ఆక్సిజన్ 3.5 శాతంతో కుదిరింది. 50 శాతం దగ్గర మిగిలిన కాస్త గురక కోసం, కంట్రోలర్ అక్కడ ఆగకుండా త్వరగా దాటేలా సెట్ చేయాల్సి వచ్చింది.

క్యాటలాగ్ సెట్టింగులు సముద్రమట్టానివి, అదో సంగతి. బెంగళూరు ఎత్తు 900 మీటర్ల పైమాటే. బ్లోవర్ ఇచ్చే గాలి బరువు ఇక్కడ దాదాపు 10 శాతం తగ్గుతుంది, అదే రెగ్యులేటర్ ఒత్తిడిలో గ్యాస్ తగ్గేది 5 శాతమే. అంటే గ్యాస్‌తో పోలిస్తే మంటకి గాలి తగ్గుతుంది. గాలి ఒత్తిడిని బట్టి గ్యాస్‌ని నడిపే రేషియో గవర్నర్ ఉంటే నిష్పత్తి నిలబడుతుంది, కానీ పవర్ తగ్గడం తప్పదు. చెన్నైలో ఈ బాధ లేదు.

కొత్తలో 10:1 టర్న్‌డౌన్‌ని, అంటే గరిష్ఠ మంటలో పదో వంతు దాకా దించగలగడాన్ని, మెచ్చుకున్నమాట నిజమే. ఇప్పుడైతే 6:1 అనే చెబుతాను, చలికాలం పొద్దున అంతకన్నా దిగితే రాడ్ కరెంటు ఊగుతోంది. ఇదంతా ఇరుకైన మంట గొట్టం ఉన్న ఓవెన్ సంగతి. మంట నేరుగా పెద్ద గదిలోకి పోయే ఓవెన్లలో ఈ రంకె అసలు వినపడకపోవచ్చు.