తీరానికి కాపలా: నోటిఫికేషనా, చట్టమా? ఏది మేలు?

సముద్రం ఊరిని తినేస్తోందని ఉప్పాడ వాళ్లు ఏళ్ల తరబడి మొత్తుకుంటూనే ఉన్నారు. రాళ్లు పోశారు, జియోట్యూబు (ఇసుక నింపిన పెద్ద గొట్టాల) గోడ కట్టారు. అయినా గట్టి తుపాను వస్తే కాకినాడ వెళ్లే బీచ్ రోడ్డు తెగిపోతోంది. ఇది ఒక్క ఉప్పాడ గోడు కాదు. 1990 నుంచి 2018 దాకా కొలిచి చూస్తే దేశ ప్రధాన భూభాగపు తీరంలో దాదాపు మూడోవంతు కోతకు గురైందని తేలింది. ఎక్కడికక్కడ గోడలు కట్టుకుంటే సరిపోదు, దేశం మొత్తానికి ఒక విధానం కావాలి. అది ఏ రూపంలో ఉండాలి?

ఇప్పుడున్నది సీఆర్‌జడ్ (తీర నియంత్రణ మండలం) నోటిఫికేషన్, అంటే చట్టం ఇచ్చిన అధికారంతో కేంద్రం జారీ చేసే ఉత్తర్వు. 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1991 ఫిబ్రవరి 19న మొదటిది వచ్చింది. పోటు గీత (పోటు వేళ నీళ్లు వచ్చే హద్దు) నుంచి 500 మీటర్ల దాకా నిర్మాణాలకు పగ్గం వేసింది. పార్లమెంటు చర్చల కోసం ఏళ్లు ఆగాల్సిన పని లేకపోవడం దీనిలోని మంచి. తీరంలోని రొయ్యల చెరువులపై 1996లో సుప్రీంకోర్టు కఠినమైన తీర్పు ఇచ్చిందంటే అందుకు ఆధారం ఈ కాగితమే.

కానీ వచ్చినంత తేలిగ్గానే మారిపోతుంది. 2011లో కొత్తది వచ్చేలోపు సుమారు 25 సార్లు సవరించారు. 2019లో మళ్లీ మార్చారు. పల్లె తీరంలో పోటు గీత నుంచి 200 మీటర్ల దాకా కొత్త కట్టడాలు కూడదన్న హద్దు, జనం ఒత్తుగా ఉన్న చోట్ల 50 మీటర్లకు తగ్గింది. 50 మీటర్లంటే ఎంత? నాలుగు నావలు పైకి లాగి, వాటి వెనక వలలు ఆరేసి, ఇంకాస్త ఎగువన చేపలు ఎండబెడితే అయిపోతుంది. సొంతూళ్లో ఇల్లు కట్టుకోనివ్వమని మత్స్యకారులు అడగడం న్యాయమే. అదే సడలింపుతో రిసార్టూ 150 మీటర్లు ముందుకు జరగొచ్చు, నా బాధ అదే. మార్పులపై అభ్యంతరాలకు 60 రోజులు ఇవ్వాలి, ప్రజాప్రయోజనం పేరుతో దాన్నీ పక్కన పెట్టే వీలుంది.

చట్టమైతే ఇంత సులువుగా కదలదు. అమెరికాలో 1972 నాటి తీర నిర్వహణ చట్టం ఇంకా అమల్లో ఉంది. 2010లో అధ్యక్షుడి ఉత్తర్వుతో వచ్చిన జాతీయ సముద్ర విధానం మాత్రం 2018లో మరో ఉత్తర్వుతో రద్దయింది.

చట్టమైనంత మాత్రాన తీరం పక్షానే ఉంటుందని కాదు. రొయ్యల చెరువులపై ఆ సుప్రీంకోర్టు తీర్పు తర్వాత 2005లో పార్లమెంటు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసింది. సీఆర్‌జడ్ నిషేధం తీరంలోని ఆక్వాకల్చర్‌కు (రొయ్యలు, చేపల పెంపకానికి) వర్తించదని, అదీ 1991 నుంచే వర్తించనట్టు లెక్క అని అందులో రాసింది. చట్టం ముందు నోటిఫికేషన్ బలం అంతే. అందుకే నా ఓటు చట్టానికే. రక్షణ కూడా ఆ స్థాయిలోనే ఉండాలి.

అడవిలో బతికేవాళ్లకు 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. రేవులో నావ నిలిపే జాగాకు, వల ఆరేసే ఇసుకకు అలాంటి హక్కు పత్రం లేదు. కొత్త చట్టం అక్కడ మొదలవ్వాలి. మ్యాపులు, అనుమతుల పద్ధతి లాంటివి నోటిఫికేషన్లకే వదిలేయొచ్చు. 200 మీటర్ల హద్దులో ఒక్క మీటరు తగ్గించాలన్నా ఆ ఊరి గ్రామసభ ఒప్పుకోవాలి, పార్లమెంటులో ఓటు పడాలి.