కింగ్ ఆఫ్ టోన్: ఏళ్ళ తరబడి వాయించాక నా మాట

గిటారిస్టులు నలుగురు కూడి ఓవర్‌డ్రైవ్ పెడల్స్ (గిటార్ సౌండ్‌కు వేడి, గరుకు తెచ్చే, కాలితో తొక్కే డబ్బాలు) గురించి మొదలుపెడితే అనలాగ్ మ్యాన్ కంపెనీ వాళ్ళ కింగ్ ఆఫ్ టోన్ పేరు రాక మానదు. వచ్చిందంటే మాట దాని సౌండ్ మీద నిలవదు, వెయిటింగ్ లిస్టు మీదికి పోతుంది. అమెరికాలో కనెటికట్ రాష్ట్రంలోని బెతెల్ అనే చిన్న ఊళ్ళో చేత్తో తయారయ్యే పెడల్ ఇది. పేరు రాయించుకున్నాక మన వంతు రావడానికి ఏళ్ళు పడుతుంది. నాదీ అలాగే వచ్చింది. న్యూజెర్సీలో ఉండే మా అన్నయ్య ఇంటి అడ్రసుకు తెప్పించుకుంటే, తను సెలవులకు హైదరాబాద్ వచ్చినప్పుడు తెచ్చిచ్చాడు. అప్పటినుంచి ఆదివారాలు చర్చిలో ఆరాధనకూ, మిగతా రోజుల్లో బ్యాండుతో క్లబ్బులకూ పెళ్ళి సంగీత్‌లకూ ఇదే వాడుతున్నాను. అందుకే లిస్టు గోల పక్కన పెట్టి సౌండ్ గురించే రాస్తున్నాను.

ముందే చెప్పేస్తాను. నా దగ్గరున్న సామానంతా అమ్ముకోవాల్సి వస్తే ఆఖరికి మిగిలేది ఈ పెడలే. అలాగని అందరికీ పనికొస్తుందని మాత్రం అనను.

దీన్ని తయారుచేసే మైక్ పియెరా గురించి కొంత తెలిస్తే ఈ సౌండ్ ఎందుకిలా ఉందో అర్థమవుతుంది. అందరూ ఆయన్ని అనలాగ్ మైక్ అంటారు. ఆయన పెడల్స్ డిజైన్ చేయడంతో మొదలుపెట్టలేదు. పాత పెడల్స్ వెతికి కొనడం, మూత తీసి చూడడం, బాగుచేయడం, మార్చడం, అక్కడ మొదలైంది ఆయన ప్రయాణం. ముఖ్యంగా జపాన్‌లో తయారైన ఐబనెజ్ కంపెనీ ఓవర్‌డ్రైవ్ పెడల్స్, ట్యూబ్ స్క్రీమర్లు. 1979లో వచ్చిన టీఎస్808 అంటే అందరికీ మోజు, దొరికేది తక్కువ. 1982లో దాని తర్వాత వచ్చిన టీఎస్9 సులువుగా దొరికేది. రెండింటి సర్క్యూట్లూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా అంతా ఔట్‌పుట్ దగ్గర రెండు రెసిస్టర్లలో ఉంది. 808లో 100 ఓములు, 10 కిలో ఓములు ఉంటే, 9లో 470 ఓములు, 100 కిలో ఓములు. ఆ రెండూ మార్చి, మంచి జేఆర్‌సీ 4558 చిప్ పెడితే టీఎస్9 కాస్తా 808 అయిపోతుంది. ఈ మార్పు చేసి ఇవ్వడంలో ఆయనకు చాలా పేరు వచ్చింది. ఆ తర్వాతే సన్ ఫేస్ ఫజ్ (బాగా గరుకైన డిస్టార్షన్), బై-కాంప్‌రాసర్ కంప్రెసర్ లాంటి సొంత పెడల్స్.

ఇన్ని వందల పాత పెడల్స్ చేతుల మీదుగా పోయిన మనిషికి ఒక రెసిస్టర్ మారిస్తే వేళ్ళ కింద ఏం మారుతుందో తెలుస్తుంది. కింగ్ ఆఫ్ టోన్‌లో నాకు వినిపించేది ఆ అనుభవమే. ఇందులో కొత్త ఆవిష్కరణ ఏమీ లేదు. తెలిసిన సర్క్యూట్‌ను ఎవరూ వినంత ఓపిగ్గా విని సరిచేశాడు.

ఆ తెలిసిన సర్క్యూట్ మార్షల్ కంపెనీ బ్లూస్‌బ్రేకర్. 1990ల మొదట్లో నల్లటి పెద్ద డబ్బాలో వచ్చిన పెడల్. గెయిన్ (సిగ్నల్‌ను పెంచి గరుకు తెచ్చే బలం) తక్కువ కావడంతో ఆ రోజుల్లో దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ది బ్యాండ్ అనే రాక్ బృందంలో 1985 నుంచి వాయించిన జిమ్ వైడర్, టెలికాస్టర్ గిటార్ మీద గొప్ప పట్టున్న మనిషి, తన ఆంప్ (యాంప్లిఫయర్) సౌండ్ చెడకుండా కొంచెం ముందుకు నెట్టే పెడల్ కావాలనుకున్నాడు. ఆయనతో కలిసి వింటూ, మారుస్తూ పియెరా ఈ సర్క్యూట్‌ను దారికి తెచ్చాడు. అలాంటివి రెండు ఒకే పెట్టెలో పెడితే వచ్చిందే ఊదారంగు కింగ్ ఆఫ్ టోన్.

ఇక సౌండ్. ట్యూబ్ స్క్రీమర్ ఆన్ చేస్తే, ఆన్ చేసినట్టు గదిలో అందరికీ తెలుస్తుంది. 720 హెర్ట్జ్‌కు కింద ఉన్న స్వరాలకు అది గెయిన్ తగ్గించేస్తుంది కాబట్టి బేస్ సన్నబడి, మధ్యలో ముక్కుతో పాడినట్టు ఒక ఉబ్బు వస్తుంది. సోలోకు అది బాగుంటుంది. కానీ కార్డులు నిండుగా మోగాల్సిన చోట ఇబ్బంది. కింగ్ ఆఫ్ టోన్ ఆన్ చేస్తే గిటార్ మారినట్టు అనిపించదు. ఓపెన్ జీ కార్డు వాయిస్తే ఆరు తీగలూ విడివిడిగానే వినిపిస్తాయి, అయితే ఒక్కో స్వరం చుట్టూ కాస్త వేడి, కాస్త గరుకు చేరుతుంది. పిక్‌తో గట్టిగా కొడితే సౌండ్ కొంచెం పగిలినట్టు చిరుగుతుంది, వేలి కొసతో మెల్లగా తాకితే దాదాపు శుభ్రంగా వస్తుంది. గిటార్ వాల్యూమ్ నాబ్‌ను ఏడు దగ్గరికి తిప్పితే డ్రైవ్ కరిగిపోయి క్లీన్ వచ్చేస్తుంది, ట్రెబుల్ కూడా ఎక్కువ చావదు. మెల్లగా మొదలై చివరికి ఉప్పెనలా లేచే ఆరాధన పాటల్లో నాకు కావాల్సింది సరిగ్గా ఇదే. పాట మొత్తం పెడల్ తొక్కకుండా కుడిచేత్తోనే నడిపించవచ్చు.

రెండు వైపులూ కలపడం గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే చాలామందికి ఇక్కడే అయోమయం. సిగ్నల్ ముందు కుడివైపు ఎర్ర లైటు వైపులోకి వెళ్ళి, ఆ తర్వాత ఎడమవైపు పసుపు లైటు వైపులోకి వస్తుంది. పసుపు ఆన్‌లో ఉండగా ఎర్ర దాన్ని తొక్కితే వాల్యూమ్ పెద్దగా పెరగదు. పసుపు వైపు ఇంకా గట్టిగా నలిగి, స్వరం సాగుతుంది. సోలోలో స్వరం ఎక్కువసేపు నిలవాలంటే ఇది మార్గం. అలా కాక, సోలోకు గిటార్ బ్యాండు మధ్యలోంచి పైకి లేవాలంటే ఎర్ర దాన్ని ఎప్పుడూ ఆన్‌లో ఉంచి, పసుపు వైపును బూస్ట్‌గా పెట్టుకోవాలి. ఆఖర్న ఉన్నదే వాల్యూమ్ పెంచగలదు.

ఒక్కో వైపుకూ వాల్యూమ్, డ్రైవ్, టోన్ నాబులు పైన ఉంటాయి. మోడ్ (సౌండ్ తీరు) మార్చాలంటే మాత్రం వెనక మూత స్క్రూలు విప్పాలి. లోపల చిన్న డిప్ స్విచ్‌లు ఉంటాయి, వేలితో జరగవు, నేను టూత్‌పిక్‌తో జరుపుతాను. ఓవర్‌డ్రైవ్ మోడ్‌లో డయోడ్లు ఆప్-యాంప్ (సిగ్నల్ పెంచే చిప్) ఫీడ్‌బ్యాక్‌లో ఉండి మెత్తగా క్లిప్ చేస్తాయి, అంటే సిగ్నల్ కొసల్ని కత్తిరిస్తాయి. డిస్టార్షన్ మోడ్‌లో వాటికి తోడు గ్రౌండ్‌కు వెళ్ళే డయోడ్లు కూడా పని మొదలుపెడతాయి, దాంతో సౌండ్ బిగుసుకుంటుంది, వాల్యూమ్ కొంత పడిపోతుంది. బూస్ట్ మోడ్‌లో డయోడ్లు పక్కకు తప్పుకుంటాయి కాబట్టి అన్నిటికన్నా బిగ్గరగా, విశాలంగా ఉంటుంది. మూత తీసినప్పుడే లోపల ప్రెజెన్స్ (పై స్వరాల మెరుపు) కోసం స్క్రూలా తిప్పే చిన్న ట్రిమ్ పాట్లు కూడా కనిపిస్తాయి. చీకటిగా మోగే హంబకర్ (రెండు కాయిళ్ళ పికప్) గిటార్‌కు అది కొద్దిగా తిప్పితే చాలు, ముసుగు తీసినట్టు ఉంటుంది.

నా అసలు ఫిర్యాదు ఇదే. చర్చికి ఒక మోడ్, క్లబ్బుకు ఇంకో మోడ్ కావాలి. ప్రతిసారీ బోర్డు మీద వెల్క్రో నుంచి పెడల్ ఊడదీసి, స్క్రూలు విప్పి మార్చడం నిజంగా విసుగు. రెండు చిన్న టోగుల్ స్విచ్‌లు బయట పెట్టి ఉంటే ఈ పెడల్‌కు వంక ఉండేది కాదు. ఇప్పుడు రెండు వైపులూ ఓవర్‌డ్రైవ్ మోడ్‌లోనే పెట్టేసి, పసుపు వైపు డ్రైవ్ పూర్తిగా తగ్గించి బూస్ట్ లాగా వాడుకుంటున్నాను. బూస్ట్ మోడ్ అంత విశాలంగా రాదు, అయినా పని జరుగుతోంది.

మన దగ్గర స్టేజీల మీద ఇది ఎలా ఉంటుందన్నది అమెరికా వాళ్ళ సమీక్షల్లో దొరకదు కాబట్టి రాస్తున్నాను. అక్కడివాళ్ళు ఎక్కువగా వాల్వు ఆంప్‌లతో వింటారు. మనకు సౌండ్ వాళ్ళు అద్దెకు తెచ్చేది చాలాసార్లు రోలండ్ జాజ్ కోరస్. అది ట్రాన్సిస్టర్ ఆంప్. దాని ముందు బూస్ట్ మోడ్ పెట్టి ఆంప్ మెత్తగా చిరుగుతుందని ఎదురుచూస్తే చిరగదు, ఊరికే బిగ్గరగా మోగుతుంది. అక్కడ డయోడ్లున్న ఓవర్‌డ్రైవ్ మోడ్ తప్పనిసరి. టోన్ నాబ్ సగానికి కిందే ఉంచాలి, లేకపోతే జాజ్ కోరస్ ట్రెబుల్ చెవిలో గుచ్చుకుంటుంది. ఇంట్లో ఉన్న చిన్న వాల్వు ఆంప్‌తో అయితే కథే వేరు. వాల్యూమ్ ఆంప్ చిరగబోయే అంచుదాకా పెట్టి పసుపు వైపును తాకిస్తే, ఏది పెడలో ఏది ఆంపో చెప్పలేను.

కరెంటు సంగతి కూడా. ఎర్తింగ్ సరిగా లేని ఫంక్షన్ హాళ్ళలో సింగిల్ కాయిల్ గిటార్ పెట్టుకుని గెయిన్ ఎక్కువున్న పెడల్ తొక్కితే 50 హెర్ట్జ్ గుయ్యిమనే రొద పాటను మింగేస్తుంది. ఇది తక్కువ గెయిన్ పెడల్ కావడంతో రొద అదుపులో ఉంటుంది. రెండూ కలిపినప్పుడు కొంత వినిపిస్తుంది, పాట మొదలయ్యాక పట్టదు. మామూలు 9 వోల్టుల అడాప్టర్‌తో నడుస్తుంది, 18 వోల్టుల దాకా తట్టుకుంటుంది. 18 దగ్గర సౌండ్ ఇంకాస్త తెరుచుకుంటుంది గానీ, నలిగే గుణం తగ్గుతుంది. నాకు 9 దగ్గరే ఇష్టం.

ఇన్నేళ్ళ వాడకంలో మూలల దగ్గర రంగు లేచింది, అంతే. రిపేరు వస్తుందేమోనన్న టెన్షన్ కూడా లేదు. లోపలివన్నీ కాళ్ళున్న మామూలు పార్టులు, బోర్డు పైనే అతికించే చిన్న చిన్న ఎస్ఎండీ ముక్కలు కావు. ఫుట్ స్విచ్ పోయినా, పాట్ గరగరలాడినా కోఠి గుజరాతీ గల్లీలో సామాను కొని, సోల్డరింగ్ తెలిసిన ఎవరిచేతనైనా వేయించుకోవచ్చు.

ఎవరికి వద్దో కూడా చెప్పాలి. మెటల్ వాయించేవాళ్ళకు ఇది ఎటూ చాలదు. రెండు వైపులూ డిస్టార్షన్‌లో పెట్టి కలిపినా పాత రాక్ దగ్గరే ఆగుతుంది. ఎర్ర వైపుకు ఎక్కువ గెయిన్ వచ్చే ఆప్షన్ ఆర్డర్ చేసేటప్పుడే అడగవచ్చు, క్లాసిక్ రాక్ వాయించేవాళ్ళు అది తీసుకోవడం మంచిది. ఇంట్లో హెడ్‌ఫోన్‌లో సాఫ్ట్‌వేర్ ఆంప్‌తో మాత్రమే వాయించేవాళ్ళకూ దీని అసలు గుణం సగమే తెలుస్తుంది.

ధర దగ్గర నా అభిప్రాయం గట్టిది. లిస్టులో వంతు వచ్చి నేరుగా కొంటే మూడు వందల డాలర్లకు కాస్త అటూ ఇటూ. ఆ ధరకు ఈ పెడల్ ఇచ్చే విలువే ఎక్కువ. అదే చేతులు మారిన పెడల్‌కు రెట్టింపు, ఇంకా పైన అడుగుతారు. ఆ ధరకు మాత్రం కొనవద్దు. పియెరా ఎంఎక్స్ఆర్ కంపెనీతో కలిసి 2022లో తెచ్చిన డ్యూక్ ఆఫ్ టోన్ ఇందులో ఒక వైపుకు చిన్న రూపం, మోడ్ స్విచ్ దానికి పైనే ఉంది. అవి రెండు కొని వరసగా పెట్టుకున్నా రీసేల్ ధర కన్నా చాలా తక్కువే. జేహెచ్ఎస్ వాళ్ళ మార్నింగ్ గ్లోరీ కూడా బ్లూస్‌బ్రేకర్ వంశమే, అదీ విని చూడండి. ఈలోగా లిస్టులో పేరు మాత్రం రాయించండి. దానికి అడ్వాన్సు ఏమీ కట్టక్కర్లేదు. అమెరికాలో ఉన్న మీ వాళ్ళ అడ్రసు ఇచ్చేట్టయితే వాళ్ళకు ముందే చెప్పి పెట్టండి. ఈమెయిల్ మాత్రం మీరు ఎప్పటికీ మార్చనిదే ఇవ్వండి, పిలుపు వచ్చేది దానికే.