తిరిగి లేవడంలో ఎవరిది పైచేయి: అడవిదా, నెట్‌వర్క్‌దా?

కేబుల్ తెగడం లాంటి మామూలు దెబ్బకైతే కంప్యూటర్ నెట్‌వర్క్‌దే గెలుపు, వాదించేదేమీ లేదు. ఒక దారి మూసుకుపోయిందని రూటర్లు (డేటాకు దారి చూపే పెట్టెలు) పసిగట్టి, ఒకదానికొకటి చెప్పుకుని, ప్యాకెట్లను, అంటే డేటా ముక్కలను, ఇంకో దారికి మళ్లిస్తాయి. వీడియో చూస్తున్నవాళ్లకు బొమ్మ కాసేపు ఆగి కదిలినట్టుంటుంది, అంతే. అడవికి ఇంత చురుకు లేదు. 1988లో అమెరికాలోని ఎల్లోస్టోన్ పార్కులో మూడో వంతుకు పైగా కార్చిచ్చు పాకింది. అక్కడ చెట్లు మళ్లీ ఏపుగా నిలబడ్డానికి దశాబ్దాలు కావాలి.

అయితే అక్కడి లాడ్జ్‌పోల్ పైన్ అనే చెట్టు కాయను దగ్గరగా చూస్తే నా తీర్పు కాస్త తడబడుతుంది. ఈ కాయల్లో చాలావాటికి రెక్కలు బంకతో బిగుసుకుపోయి ఉంటాయి. ఏళ్ల తరబడి కొమ్మనే అంటిపెట్టుకుని ఉంటాయి. మంట వేడికి బంక కరిగాకే రెక్కలు విచ్చుకుని గింజలు బూడిదలో రాలతాయి. బ్యాకప్ దాచుకోవడమే కాదు, దాని తాళంచెవిని ప్రమాదం చేతికే ఇచ్చిందన్నమాట!

మనం చేసేది దీనికి సరిగ్గా తలకిందులు. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్‌లో నిర్వహణ పనుల మధ్య ఇచ్చిన ఒక కమాండ్ డేటా సెంటర్లను కలిపే నెట్‌వర్క్‌నే తెంపేసింది. దాంతో సైటు పేరును బట్టి దాని చిరునామా చెప్పే డీఎన్ఎస్ సర్వర్లు ఇంటర్నెట్‌కు కనపడకుండా పోయాయి. బాగుచేయాల్సిన ఇంజినీర్ల టూల్స్ కూడా ఆ నెట్‌వర్క్ మీదే ఆధారపడి ఉండడంతో అవీ పడకేశాయి. చివరికి మనుషులే డేటా సెంటర్లకు వెళ్లాల్సి వచ్చింది. ఆరు గంటల దాకా పట్టింది. తాళంచెవి లోపల పెట్టి తలుపు వేసుకోవడమంటే ఇదే.

అలాగని అడవికి పట్టం కట్టలేను. 1904లో న్యూయార్క్‌లో బయటపడ్డ ఒక శిలీంధ్రం అర్ధ శతాబ్దంలో అమెరికన్ చెస్ట్‌నట్ చెట్లను వందల కోట్లలో చంపేసింది. మొదళ్ల నుంచి ఇప్పటికీ చిగుళ్లు వస్తాయి, పెద్ద చెట్లయ్యేలోపే తెగులు మళ్లీ పట్టేస్తుంది. ఖాళీ అయిన చోటును ఓక్ లాంటి చెట్లు ఆక్రమించాయి. అడవి మిగిలింది, చెస్ట్‌నట్ పోయింది. నెట్‌వర్క్‌కు ఈ వెసులుబాటు లేదు. బ్యాంకు సర్వర్ పోయిన చోట ఇంకేదో మొలిస్తే ఖాతాదారులు ఊరుకుంటారా?

తెగుళ్ల విషయంలో మాత్రం రెండూ ఒకటే. 2024 జులై 19న కంప్యూటర్ భద్రతా కంపెనీ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక్క తప్పుడు అప్‌డేట్ దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లను పడేసింది. తోటంతా ఒకే మొక్క వేస్తే ఒక్క పురుగు చాలు.

అందుకే రోజువారీ దెబ్బలకు నెట్‌వర్క్ పద్ధతి, ఊహించని దెబ్బకు అడవి పద్ధతి, అంటే ఒకే రకం మీద ఆధారపడకపోవడం అంటాను. రెండు కంపెనీల రూటర్లు పెడితే సెట్టింగులు రెండు రకాలు నేర్చుకోవాలని సిబ్బంది గొణుగుతారు, నిజమే. నేనైతే ఆ గొణుగుడు భరిస్తాను. దానికన్నా ముందు, రిపేరుకు వెళ్లే దారిని అసలు నెట్‌వర్క్ నుంచి విడదీస్తాను.