గులాబీ పువ్వుల ఇనుప అచ్చు: క్రిస్మస్ పిండివంటలకి కొనదగ్గ సామాను

విజయవాడ వన్‌టౌన్‌లో ఇనుప, ఇత్తడి సామాన్లు అమ్మే ఓ పాత కొట్లో ఈ అచ్చు కొన్నాం. పోత ఇనుముది. ఒకే పెద్ద పువ్వు, పొడుగాటి కాడ, చివర చెక్క పిడి. చేతిలోకి తీసుకోగానే బరువు తెలుస్తుంది. నాకు నచ్చింది ఆ బరువే, ఎందుకంటే గులాబీలు కుదరాలంటే అచ్చు వేడిని పట్టి ఉంచాలి. కాగిన అచ్చు తగలగానే పిండి గట్టిపడి దాన్ని పట్టుకుంటుంది, నూనెలో వేగాక వదిలేస్తుంది. అంతకుముందు ఆన్‌లైన్‌లో తెప్పించిన పల్చటి అచ్చు పిండిలో పెట్టేసరికే చల్లారిపోయేది. పైగా మర తిప్పి బిగించే రకం, ఒకసారి పువ్వు ఊడి నూనెలో పడింది. పిల్లలు చుట్టూ ఉండే వంటింట్లో అలాంటిది వద్దే వద్దు.

కొత్త ఇనుప అచ్చుని తెచ్చిన రోజే వాడలేం, ముందు పదును పెట్టాలి. రాత్రంతా గంజిలో నానబెట్టి, కడిగి, తడి లేకుండా తుడిచి, నూనెలో ముంచి సన్నటి సెగ మీద కాసేపు కాచాలి. మర్నాడు ఇంకోసారి అలాగే చేశాం. అప్పుడుగానీ పిండి అతుక్కుపోకుండా వదల్లేదు.

పిండి కొలత మా అత్తయ్యది: గ్లాసు బియ్యప్పిండికి అర గ్లాసు మైదా, అర గ్లాసు పంచదార పొడి, ఒక గుడ్డు, చిటికెడు ఉప్పు, యాలకుల పొడి, నువ్వులు. దోసెల పిండి కంటే కాస్త జారుగా వచ్చేదాకా కొబ్బరిపాలు పోయాలి. పంచదార ఎక్కువైతే పువ్వు త్వరగా మాడుతుంది, అచ్చుని వదలదు కూడా. అచ్చుని ముప్పావు వంతు వరకే ముంచాలి. పిండి పై అంచు దాటిందా, ఇక ఆ పువ్వు ఊడి రాదు. ఈ అచ్చుకి అంచు ఎత్తుగా ఉంది కాబట్టి మా పదేళ్ల పాప కూడా ఎంతవరకు ముంచాలో చూసి చెప్పగలుగుతోంది.

ఇలాంటి అచ్చులతోనే కేరళలో అచ్చప్పం చేస్తారు, స్వీడన్, నార్వే ఇళ్లలోనూ క్రిస్మస్‌కి ఇలాంటి పువ్వులే వేయిస్తారు.

ఇది ఒక్కరితో అయ్యే పని కాదు, అందుకే నాకు ఇంత ఇష్టం. డిసెంబరులో ఒక శనివారం సాయంత్రం దీనికే పెట్టుకుంటాం. పొయ్యి వెలిగించకముందే అందరం కూర్చుని బైబిల్లో లూకా సువార్త రెండో అధ్యాయం మొదటి ఇరవై వచనాలు తలా ఒకటి చదువుతాం. మా చిన్నోడు అందులో ‘కురేనియ’ అనే పేరు దగ్గర ఆగిపోతే వాళ్ల నానమ్మ అందిస్తుంది. ఆవిడ ప్రార్థన చేశాక నూనె పెడతాం. అచ్చు ముంచేది అత్తయ్య, సన్నటి చువ్వతో పువ్వుని తట్టి విడదీసేది మావారు, తీసి కాగితం మీద పరిచేది నేను. పిల్లలు చల్లారినవి డబ్బాలకి ఎత్తుతారు. మధ్యలో ఎవరో ఒకరు కీర్తన అందుకుంటారు. ఆ రెండు మూడు గంటలూ టీవీ గుర్తుకు రాదు, ఫోన్ పట్టుకుందామంటే చేతులు ఖాళీ ఉండవు. “నానమ్మా, ఇది రేకు విరగలేదు, పక్కింటి మామ్మగారికి పెట్టు” అని మావాడు ముందే వేరు చేస్తాడు. సంక్రాంతికి వాళ్ల అరిసెలు మా ఇంటికొస్తాయి, క్రిస్మస్‌కి మంచి పువ్వులు ముందు వాళ్లకే వెళ్లాలని వాడి పట్టుదల. పిల్లలకి పంచుకోవడం పాఠంలా చెప్పే కంటే ఈ పళ్లెం వాళ్ల చేతికిచ్చి పంపడం మేలని నా నమ్మకం.

లోపాలూ ఉన్నాయి. చెక్క పిడి వాడేకొద్దీ వదులవుతోంది, కొనేటప్పుడే లాగి చూసుకోండి. ఒక్కో పువ్వే వస్తుంది కాబట్టి చర్చి అంతటికీ పంచాలనుకునేవాళ్లకి రెండు అచ్చులు కావాలి. ఒకటి వేగుతుంటే రెండోది కాగుతూ ఉంటుంది. ధర అల్యూమినియం దానికి రెట్టింపు పైనే, అయినా ఇవ్వొచ్చు. సబ్బు తగిలితే పదును పోతుంది, తుప్పు పడుతుంది. పని అయ్యాక తుడిచి, నూనె రాసి, కాగితంలో చుట్టి పెట్టండి. పదును పెట్టడానికే రెండు రోజులు పడుతుంది గనక డిసెంబరు మొదటి వారానికే కొనుక్కుంటే మంచిది.